విమానం రెక్క విరగ్గొట్టే కాడికి

కాశీకి పోయొచ్చినోళ్ళు గంగ ముచ్చట చెప్తరు, తిరుపతికి పోయొచ్చినోళ్ళు కొండ ముచ్చట చెప్తరు. నేను పోయొచ్చింది మాదాపూర్ అవతల గుండ్ల నడుమకు. అక్కడ గుడి లేదు, జాతర లేదు. ఒక విమానం రెక్కను కావాలని విరగ్గొడుతుంటే చూసొచ్చిన. మన దిక్కు నుంచి అటు పోయినోళ్ళు ఎవరూ లేరు గనుక రాస్తున్న. నాకు రెండో తరగతి దాకనే చదువు. రాసుడు సరిగ్గ రాదు గాని చూసింది మరువను. ఎవరు ఏమన్నరో, ఏ పూట ఏం తిన్ననో అన్నీ మతికుంటయి.

మాది శంకర్‌పల్లి అవతల చిన్న ఊరు. మేం వడ్లోళ్ళం, వడ్రంగం చేసేటోళ్ళం. మా నాయిన బండిచక్రం చేస్తే మనుమల కాలం దాక తిరిగేది. నాయిన పోయినంక తమ్ముడు వీరాచారి బాడిస పట్టుకున్నడు. రెండేండ్ల కింద, పట్నంల విమానాల కార్ఖానాకు వడ్రంగులు కావాలంటే వాడు పోయిండు. విమానానికి వడ్రంగేందిరా అని నవ్వినం. కొత్తోళ్ళు నేర్చుకునే చిన్న విమానాలకు రెక్కల లోపలి ఎముకలన్నీ కట్టెనే అక్కా, పైన తోలు లెక్క కప్పేది గుడ్డనే అన్నడు వాడు. నా మొగుడు పోయినంక నేను పుట్టింట్లనే ఉంటున్న గనుక, ఇంట్ల నేనూ వాని పెండ్లాం సత్తెమ్మా మిగిలినం. సత్తెమ్మకు ఇప్పుడు ఆరో నెల.

హోళీ పోయిన వారానికి వాని కార్డు వచ్చింది. నేనే కూడబలుక్కొని చదివిన. "తెల్లోళ్ళ సీమ నుంచి వచ్చే తెల్లకట్టె అయిపోయింది. ఉత్తరాది కొండల కట్టె తెచ్చిండ్రు. ఒకే దుంగతోని మూడు రెక్కలు చేసిన. రెండు విమానానికి బిగించిండ్రు. మూడోదాన్ని బరువు పెట్టి విరగ్గొడ్తరు. నూరు ఇసుక సంచుల దాక విరగకుంటే కట్టె మంచిదన్నట్టు, నా నౌకరీ పక్కా అయినట్టు. అటెన్క విమానం లేస్తది. రెక్క చేసినోడు మొదటిసారి పైలట్‌తోని కూసోవాలె, ఇది మా కార్ఖానా రివాజు. నేను ఎక్కుతున్న. ఫికర్ చెయ్యకుండ్రి."

సత్తెమ్మ ఏడ్వలేదు. చేతుల ఉన్న చాట పక్కకు పెట్టి, "వదినా, కడుపుతోని ఉన్నదాని మొగుడు పీనుగను మొయ్యడు, కొత్తింటికి దూలం ఎత్తడు. ఈయన గాలిలకు పోతడట. నువ్వు పో. ఎక్కనియ్యకు" అన్నది. జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం మూటగట్టి ఇచ్చింది.

నార్సింగి, ఇసుక కాంటా

మొదటి రోజు పొద్దు వాలేటప్పటికి నార్సింగి చేరిన. తొవ్వ పొడుగూత మోదుగులు ఎర్రగ పూసి ఉన్నయి. నార్సింగిల మా నాయిన చేసిన చక్రాలు ఇంకా రెండు మూడు బండ్లకున్నయి. అందుల ఒకటి సాయిలుది. సాయిలు నోరు మంచిది కాదు, మనసు మంచిది.

"మాదాపూర్ గుండ్లల్లకా? అక్కడేముందక్కా, నక్కలు, కొండచిలువలు. మనిషన్నోడు అక్కడ ఇల్లు కడ్తడా?" అన్నడు.

"మా తమ్ముడున్నడు."

"గా విమానాల వడ్లాయన నీ తమ్ముడా? అయితే రేపు నా బండెక్కు. గా రెక్క మీద పెట్టే ఇసుక మోసేది నేనే."

మూసీ సన్నగ పారుతున్నది. ఏటి నడుమ ఇసుక తవ్వి, నలుగురు ఆడోళ్ళు కొత్త గోనె సంచులల్ల నింపుతున్నరు. ఒడ్డున మూడు గుంజలు పాతి కాంటా కట్టిండ్రు. ఒక్కో సంచి పాతిక సేర్లు తూగాలె. తూగినదాని మీద మున్షీ జాజుతోని ఎర్రగీత గీస్తడు. నూట ఇరవై సంచులు కావాలట. గుత్తేదారుకు కూలి బరువు మీద గనుక కాంటా ఏటికాడనే ఉన్నది, అక్కడ గుండ్లల్ల కాంటా లేదు.

ఆ గోనె పలచటిది. కాంటా మీద పాతిక సేర్లున్న సంచి, దించేటప్పటికి సందులకెల్లి ఇసుక కారిపోతున్నది. మున్షీ ఆడోళ్ళ మీద ఎగురుతున్నడు.

"గోనె నేసినోన్ని తిట్టరాదు, నన్నెందుకు తిడ్తవ్?" అన్నది పోశమ్మ అనే ఆమె. "నేనేమన్న ఇసుక మింగుతున్ననా?"

నా నోరు ఊరుకోలేదు. "నింపినంక సంచిని నీళ్ళల్ల ముంచుండ్రి. గోనె ఉబ్బి బిగుస్తది, ఇసుక కారదు" అన్న. మా ఇంట్ల ఎండకాలం బండిచక్రం వదులైతే కుంటల పండబెడ్తం, కట్టె ఉబ్బి ఇనుప పట్టాకు బిగుసుకుంటది. పుట్టినకాడి నుంచి చూసినదే.

ముంచి చూసిండ్రు. ఇసుక ఆగింది. మున్షీ మొఖం విచ్చుకున్నది. అంతకుముందు నింపినయి గూడ అన్నీ ముంచిండ్రు, నీళ్ళు కారుతుండంగనే కాంటా ఎక్కిచ్చిండ్రు, పాతిక సేర్లు సరిచేసి ఎర్రగీత గీసిండ్రు. "వడ్లోళ్ళ తెలివి" అని మెచ్చుకున్నరు. నాకు మస్తు గర్వమనిపిచ్చింది. మోసేటామె ఒకామెకు కాలు బెణికితే నేను కొంగు చుట్టబెట్టుకొని పది పన్నెండు సంచులు నెత్తిమీద మోసి బండ్లకు అందిచ్చిన. మెడ భుజాలల్లకు కూరుకపోయింది. ఆ బరువు మతికి పెట్టుకోండ్రి, మల్ల చెప్త.

ఆ పూట హోటల్‌ల చాయ్ తాగిన. కప్పుకు అణా. ఆ పైసలకు మా ఊర్ల చెంబుల పాలు పోస్తరు. ఇక్కడ నీళ్ళల్ల పాల వాసన పోసిండ్రు.

గుండ్ల నడుమ

రెండోరోజు నాలుగు బండ్లు కదిలినయి. నేను సాయిలు బండి మీద, సంచుల మీద కూసున్న. చీరె ఎన్కభాగమంత తడిసింది. ఎన్కకు చూస్తే దుమ్ముల మా బండ్ల పొడుగూత నీటిచుక్కల గీత.

"ఏంది అక్కా, బండి ఉచ్చ పోసుకుంట పోతున్నదా?" అని నవ్విండు సాయిలు.

గచ్చిబౌలి దాటినంక ఇండ్లు లేవు. సీతాఫలం చెట్లు ఆకురాల్చి పుల్లలైనయి. రాయదుర్గం కాడికెల్లి గుండ్లు మొదలైతయి. గుండు మీద గుండు, దాని మీద ఇంకో గుండు, ఎవరు పెట్టిండ్రో తెల్వదు, ఇప్పుడే పడుతదేమో అన్నట్టుంటయి, పడవు. బరువు నిలుపుడు ఎట్లనో ఆ గుండ్లకు తెలుసు.

అట్లాంటి గుండ్ల నడుమ చదునుల ఒక రేకుల షెడ్డు, రెండు డేరాలు. తమ్ముడు ఉరికొచ్చిండు. బక్కగైండు. "అక్కా, నువ్వేంది?" అని కాళ్ళు మొక్కి, "సత్తెమ్మ మంచిగున్నదా?" అన్నడు. మంచిగున్నది, నువ్వు ఎక్కొద్దన్నది అని అక్కడనే చెప్పేసిన. వాడు మాట మార్చి చెంబుల నీళ్ళిచ్చిండు.

షెడ్డుల రెక్కను చూసిన. ఒక కొసను గోడంత మందం చట్రానికి బిగిచ్చి, రెండో కొసను గాలిల వదిలిండ్రు. వెల్లకిల పండుకున్న మనిషి చెయ్యి చాపినట్టున్నది. నేను అడిగిన, ఇది తిరగబడి ఉన్నదేందిరా అని. జవాబు ఎన్క నుంచి వచ్చింది.

"గాలి కింద నుంచి పైకి ఎత్తుతుందండి. మనం గాలిని తెచ్చి పెట్టలేం కదా. అందుకని రెక్కను తిరగేసి, గాలి పెట్టే బరువు ఇసుకతో పెడతాం."

ఆయన ఇంజనీరు వెంకటరత్నంగారు. బెజవాడ దిక్కాయన. నెత్తికి గుడ్డ చుట్టుకొని, చేతుల అడ్డబద్ద పట్టుకొని ఉన్నడు. "మీరు వీరాచారి అక్కగారా? భోంచేశారా?" అని అడిగిండు. మా దిక్కు అధికార్లు కూలోళ్ళ చుట్టాలను తిన్నరా అని అడగరు. తిన్ననయ్యా అని అబద్ధమాడిన.

"మంచి రెక్కను విరగ్గొడితే పాపం కాదా అయ్యా?" అన్న.

"మనుషులు లేనప్పుడు ఇక్కడ విరగాలమ్మా. ఎన్ని సంచులకు విరిగిందో తెలిస్తే, పైన ఎన్నిటికి విరగదో చెప్పగలం."

షెడ్డు పక్కన ఒక గుండుకు ఇనుప ముక్క దిగబడి ఉన్నది, మేకు దిగినట్టు. అంతకుముందు నెలల ఒక పాత ఇంజనును ఆపకుండ తిప్పి, పగిలేదాక ఉరికిచ్చిండ్రట. పగిలినప్పుడు ఎగిరొచ్చిన ముక్క అది. మనుషులు దూరంగ ఇసుక మూటల గోడ చాటున ఉన్నరట. సీమల ఇప్పుడు పంకా లేని ఇంజన్లు వచ్చినయట, మంట ఎన్కకు చిమ్మితే విమానం ముందుకు పోతదట, అవిటిని గూడ ఇట్లనే పగిలేదాక నడిపి చూస్తరని ఇంజనీరు చెప్పిండు. నేను ఆ గుండు మీద చెయ్యి పెట్టి చూసిన. రాయి వేడిగ ఉన్నది, ఇనుము ఇంకా వేడిగ ఉన్నది.

సంచులు దించి, ఎండల వరుసగ పేర్చిండ్రు.

గాలి ఆగేదాక

మూడో రోజు, నాలుగో రోజు గాలి. షెడ్డు రేకులు దడదడలాడుతున్నయి. గాలికి రెక్క ఊగితే వంపు కొలత తప్పొస్తదని ఇంజనీరు సంచులు పెట్టనియ్యలేదు. ఇసుక సంచులు మాత్రం పొద్దంత ఎండుతనే ఉన్నయి. ఆ గాలి, ఆ ఎండ. మా చీరెలు పిండి ఆరేస్తే చాయ్ తాగేలోపల ఆరిపోతున్నయి.

ఆ రెండు రోజులు నేను జైనబ్‌బీ డేరాల ఉన్న. రెక్క మీద గుడ్డ కుట్టేది ఆమె. అరవై ఏండ్లుంటయి, సూది దారం ఒక్కసారికే ఎక్కిస్తది. మాంసం వండే పొయ్యి మీద మేం వండుకోం అని చెప్తే, ఆమె ఏమనుకోలేదు. తానే పోయి మూడు రాళ్ళు తెచ్చి నాకు వేరే పొయ్యి పెట్టి, చింతపండు, ఉల్లిగడ్డలు ఇచ్చింది. నేను పచ్చిపులుసు చేసిన. ఆమె ఒక గిన్నె అడిగి తాగి, "హమారా ఖట్టా, మా ఇంటి పుల్లచారు, అక్క అయితే ఇది చెల్లె" అన్నది. ఆమె చాయ్ నేను తాగిన. ఇంటికాడ ఎవరన్న అడిగితే అడగనియ్యి.

ఆమె కుట్టు చూసిన. బెత్తెడు బెత్తెడుకు ఒక ముడి. ఎందుకంత దగ్గర దగ్గర అంటే, "బెహన్, ఒక ముడి జారినా పక్కది పట్టుకోవాలె. పైన నేనుండను గద, మల్ల కుట్టెటందుకు" అన్నది.

"విరగ్గొట్టే రెక్కకు గూడ ఇంత మంచిగ కుట్టినవా?"

"దీనికే ఎక్కువ మంచిగ కుట్టిన. ఇది అబద్ధం చెప్తే అది పడుతది."

ఆ మాట అన్నప్పుడు నాకు నా సంచులు మతికి రాలేదు. నిజం చెప్తున్న.

తమ్ముడు అతుకు చూపిచ్చిండు. ఆ కట్టె ముక్కలను అతికే జిగురు పాలతోని చేస్తరట. విరిగిన పాల గడ్డను ఎండబెట్టి, పొడిచేసి, సున్నం కలిపి నీళ్ళల్ల రంగరిస్తరు. ఏటవాలుగ కోసిన రెండు కట్టెల మీద పూసి, రాత్రంత బిగిస్తే ఒకటైపోతయి. గోరుతోని రాసి చూసిన, అతుకు ఎక్కడుందో అందలేదు.

"ఎక్కొద్దని ఎట్ల అంటవ్ అక్కా?" అన్నడు వాడు మెల్లగ. "నాయిన కొత్త బండి చేస్తే ముందుగాల ఎవరు ఎక్కేటోళ్ళు?"

నాయినే. కొత్త బండికి ఎడ్లు కట్టి, చేసిన వడ్లాయనను కూసోబెట్టి వాగు దాటిచ్చేటోళ్ళు. విరిగితే ఆయన నడుమే విరగాలె. చిన్నప్పుడు ఒడ్డున నిలబడి చూసిన నేను.

నూట ఆరు

అయిదో రోజు పొద్దున గాలి పడిపోయింది. సంచులు పెట్టుడు మొదలైంది.

విమానం పొట్టకు బిగిచ్చే కాడ ఎక్కువ, కొసకు తక్కువ. ఏ సంచి ఎక్కడ పెట్టాలెనో ఇంజనీరు ముందే సుద్దతోని గీసిండు. కూలాడోళ్ళు ఒక్కో సంచి తెచ్చి, పసిపిల్లను పండబెట్టినట్టు పెడుతున్నరు. పదేసి సంచులకు ఒకసారి అందరినీ దూరం పంపి, కింద ఆసరాకు పెట్టిన ఆపు తీసి, రెక్క ఎంత వంగిందో కట్టె గజంతోని కొలుస్తున్నరు.

ముప్పై. నలభై. రెక్క వంగుతున్నది గాని అరుస్తలేదు. అరవై దాటినంక కట్టె లోపల ఎక్కడో టిక్కుమన్నది. తమ్ముడు కండ్లు మూసుకున్నడు. వడ్లోనికి ఆ చప్పుడు పంటినొప్పి లెక్క. ఎనభై. తొంభై. జైనబ్‌బీ పెదవులు కదులుతున్నయి. తొంభై తొమ్మిది. నూరోది పెట్టినామె చెయ్యి తీసి ఎన్కకు ఉరికింది.

ఇంజనీరు గడియారం చూసుకుంట నిలబడ్డడు. రెక్క నిలబడ్డది. "అయింది" అన్నడు. అందరు చప్పట్లు కొట్టిండ్రు. సాయిలు తన ఎడ్లను గూడ మెచ్చుకున్నడు. నేను దండం పెట్టుకున్న.

"ఇప్పుడు విరిగేదాకా" అన్నడు ఇంజనీరు. నూటొకటి, నూట రెండు. నూట ఆరోది పెట్టి అందరు దూరం జరిగి ఆపు తీసినంక, తుపాకి పేలినట్టు ఒక్క చప్పుడు. రెక్క నడుమ విరిగి కొస నేలకు తగిలింది. సంచులు జారిపడ్డయి. ధూళి లేచింది.

ధూళి. తడి ఇసుకకు ధూళి లేవదు. అప్పుడు గూడ నాకు తట్టలేదు.

ఇంజనీరు కాగితం మీద రాసుకొని తమ్ముని చెయ్యి పట్టుకున్నడు. "సోమవారం ఎగురుతుందండి" అన్నడు. అందరికి బెల్లం పంచిండ్రు. షెడ్డు ఊడ్చి సాఫ్ చెయ్యాలె గద, నేను గూడ ఒక చెయ్యి వేద్దమని తొవ్వకు అడ్డంపడ్డ సంచినొకదాన్ని, కుట్టు పోనిదాన్ని, నెత్తికెత్తుకున్న.

మెడ కూరుకపోలేదు.

రెండోది ఎత్తిన. మూడోది ఎత్తిన. ఎర్రగీత ఉన్నది, అవే సంచులు. నార్సింగిల పది పన్నెండు మోసిన నెత్తి నాది. నా నెత్తికి బరువు మతికున్నది. ఇది ఆ బరువు కాదు. సంచి మీద చెయ్యి పెడితే ఎండిన చెక్క లెక్క గరగరలాడింది. దుమ్ముల నీటిచుక్కల గీత కండ్ల ముందు మెదిలింది. బండి దాటినంత దూరం పడుకుంట పోయినయి ఆ చుక్కలు. మిగిలిన నీళ్ళు ఆ గాలి తాగింది.

బెల్లం నోట్లనే ఉన్నది. మింగబుద్ధి కాలేదు.

సద్దిమూట

గుండు నీడల కూసొని, సత్తెమ్మ కట్టిచ్చినయాట్ల మిగిలిన ఎండురొట్టె తమ్మునికి పెట్టిన. వాడు నవ్వుకుంట తింటున్నడు. నేను నా మనసుల ఎన్ని తీర్లు తిప్పిన్నో చెప్త, దాచను. చెప్పకుంటే వాని నౌకరీ పక్కా. చెప్పకుండనే వాన్ని మాత్రం ఎక్కనియ్యకుంటే? చేతులు కాళ్ళు పట్టుకొని ఇంటికి గుంజుకపోతే? సత్తెమ్మ అడిగింది అంతే గద. ఇంకెవరో ఎక్కుతరు. ఆ ఇంకెవరిదో ఇల్లు నాకు తెల్వదు.

విరిగిన రెక్కను మల్ల విరగ్గొట్టి చూడరాదు. దాని సాక్ష్యం అయిపోయింది. ఇగ చెప్పేటందుకు మిగిలింది ఆ సంచులొక్కటే. సాయంత్రానికి అవి విప్పి గుంతల పోస్తరు.

"వీరా, ఆ సంచులు పాతిక సేర్లు లేవురా."

వాని చెయ్యి ఆగింది. నేను మూసీ ఒడ్డుమీద ఏం చెప్పిన్నో, ఎందుకు చెప్పిన్నో అంత చెప్పిన.

"ఎవరన్న అడిగిండ్రా నిన్ను?" అన్నడు. గొంతు పెద్దగ చెయ్యలేదు. అదే ఎక్కువ భయమేసింది. "నార్సింగిల అడిగిండ్రా? ఇప్పుడు అడిగిండ్రా? ఎక్కడ చూసినా నీ నోరే ముందు."

"అవును. నాదే తప్పు."

"రెండేండ్లు అక్కా. డేరాల పండుకున్న, కూలోని లెక్క. పక్కా అయితే సత్తెమ్మను తెచ్చుకుందమనుకున్న."

"తెలుసురా."

"నేను ఎక్కుత. ఏమన్నయితే నాకే అయితది."

"పైలట్‌కు? ఆయనతోని చెప్పినవా, సంచులు ఎండినయని?"

వాడు రొట్టె ముక్కను మూటల పెట్టేసిండు. అనాల్సింది అన్న, ఇగ మోసేది వాడు.

షెడ్డు దిక్కు చెయ్యి చూపిచ్చిండు. "విరిగిన చోటు చూసినవా? మంచి కట్టె విరిగితే పొడుగు పేళ్ళు లేస్తయి. ఇది ముల్లంగి విరిగినట్టు విరిగింది. నా అతుకు పక్కన విరిగింది, అతుకు కాడ కాదు. చూసినప్పుడే నాకు అనుమానమొచ్చింది. నూట ఆరు అన్నరు గద అని నోరు మూసుకున్న."

లేచి దులుపుకున్నడు. ఒక సంచి భుజం మీద పెట్టుకొని ఇంజనీరు డేరా దిక్కు నడిచిండు. నేను ఎన్కనే పోయిన.

మల్ల నార్సింగి

ఆరో రోజు సాయిలు బండి ఎన్కకు తిరిగింది. పది సంచులు, ఇంజనీరు, తమ్ముడు, నేను.  తొవ్వల సాయిలు ఒక్కసారి గూడ ఎడ్లను తిట్టలేదు.

మున్షీకి కోపమొచ్చింది. "నా తూకం మీద అనుమానమా?" అన్నడు. ఇంజనీరు చేతులు జోడించి, "మీ తూకం మీదే నమ్మకం కాబట్టి వచ్చానండి" అన్నడు. దానితోని ఆయన మెత్తబడి కాంటా కట్టిండు.

పాతిక సేర్ల తూకం గుండ్లు ఒక దిక్కు, సంచి ఒక దిక్కు. సంచి దిక్కు పైకి లేచింది. గుండ్లు తీసుకుంట పోయిండ్రు. ఇరవై రెండున్నర కాడ కాంటా ముల్లు నిలబడ్డది. రెండో సంచి అంతే. మూడోది పావు సేరు తేడా. పదీ చూసిండ్రు.

ఇంజనీరు ఏటి ఇసుకల కూసొని వేలితోని లెక్క చేసిండు. నాకు లెక్క రాదు గాని ఆయన మొఖం చదవొచ్చింది. "నూట ఆరు సంచులు పెట్టాం. అసలు బరువు తొంభై అయిదు పైన కొంచెం. నూరు నిలవాలి" అన్నడు. చెరిపేసిండు. మల్ల చేసిండు. అంతే వచ్చింది.

"తడపమన్నది నేనే అయ్యా" అన్న. "వాని తప్పు లేదు, ఈ ఆడోళ్ళ తప్పు లేదు. ఇసుక కారుతున్నదని చెప్పిన."

పోశమ్మ బుట్ట పక్కకు పెట్టి, "ముంచినోళ్ళం మేం గద. ఒక్కదాని మీద ఎందుకేసుకుంటవ్?" అన్నది.

ఇంజనీరు లేచి చేతులు కడుక్కున్నడు. "తడిసింది ఎండుతుందని చూసుకోవాల్సిన చదువు నాదమ్మా. ఎర్రగీత చూసి నమ్మాను. మీరు నెత్తిన పెట్టుకుని చూశారు." ఆగి, తమ్ముని దిక్కు తిరిగిండు. "ఆ విమానం ఎగరదండి. రెక్కలు విప్పించేస్తాను. ఈ కట్టె పనికిరాదని రాస్తాను. మీ అతుకు నిలిచిందని కూడా రాస్తాను. ఉద్యోగం సంగతి మాత్రం మాట ఇవ్వలేను."

"మీరిచ్చినా తీసుకోను సార్, ఈ రెక్క మీద" అన్నడు వాడు. "ఇంకో కట్టె వస్తే పిలువుండ్రి. అందాక దినకూలికి ఉంట. ఇసుక నేనే ఎండబెడ్త."

పోయేటప్పుడు వాడు నాకు ఒక మూట ఇచ్చిండు. విరిగిన రెక్కకెల్లి కోసిన మూరెడు కట్టె. ఒక కొస ముల్లంగి విరుపు, నడుమ అతుకు. "సత్తెమ్మకు ఇయ్యి. వడ్లోళ్ళ బిడ్డ, చూస్తే తెలుస్తది" అన్నడు. నేనెక్కిన శంకర్‌పల్లి బండి మలుపు తిరిగేదాక ఇసుకల నిలబడే ఉన్నడు.

ఇల్లు

ఏడో రోజు ఇల్లు చేరిన. సత్తెమ్మ గడపల నిలబడి ఉన్నది. కాళ్ళకు నీళ్ళియ్యలేదు, కూసో అనలేదు. "ఎక్కుతడా?" అన్నది.

"ఎక్కడు. విమానమే లేవదు."

"నౌకరీ?"

"పక్కా కాలేదు. దినకూలికి ఉన్నడు."

ఎందుకని అడిగింది. మొత్తం చెప్పిన, నా తడి సంచుల కాడికెల్లి. నన్ను తిడుతదనుకున్న. మూట విప్పి కట్టె చేతికిచ్చిన. ఆమె దాన్ని వెలుగుల అటు తిప్పి ఇటు తిప్పి, విరుపు మీద వేలు రాసి, "కట్టె మంచిది కాదు" అన్నది. అతుకు మీద బొటనవేలు రెండుసార్లు జరిపింది, వేలు ఎక్కడా ఆగలేదు.

అప్పుడు లేచి లోపలికి పోయి మా నాయిన బాడిస తెచ్చింది. వద్దే, ఆరోనెల అని నేను అంటుండంగనే, కట్టెను గడప మీద అడ్డం పెట్టి, కాలితోని అదిమి, బాడిస తిరగేసి ఎన్క దిక్కుతోని అతుకు మీద ఒక్కటి వేసింది. కట్టె విరిగింది. వంగి రెండు ముక్కలూ ఏరింది.

అతుకు ఒక ముక్కల నిండుగ ఉన్నది. కట్టె దాని పక్కన బెత్తెడు అవతల విరిగింది.

అతుకున్న ముక్కను దీపం గూట్ల పెట్టింది. రెండోదాన్ని పొయ్యిల పెట్టింది.

"కాళ్ళు కడుక్కో వదినా" అన్నది. "జొన్న గటక వండిన, సల్లారిపోతది."